మొగ దగ్గర నీరు



నది సముద్రంలో కలిసే చోటుని మన తీరంలో మొగ అంటారు. ఈ పూట ఆ మొగ దగ్గరి నీటి గురించి మాట్లాడదలిచాను. ఆ నీరు బాగుందో చెడిందో ఎలా తెలుసుకోవాలి, ఏ వేళ తెలుసుకోవాలి, తెలిసిన సంగతి ఎవరి చెవిన వెయ్యాలి అన్నది నా విషయం. ఈ మూడింటిలో చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అక్కడికి రావాలంటే మొదటి రెండూ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

గోదావరినే తీసుకుందాం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గర సముద్రాన్ని చేరుతుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిపోతుంది. గౌతమి యానాం మీదుగా భైరవపాలెం వైపు సాగుతుంది. వసిష్ఠ అంతర్వేది దగ్గర, దాన్నుంచి చీలిన వైనతేయ ఓడలరేవు దగ్గర కడలిలో కలుస్తాయి. గౌతమికి ఉత్తరాన కోరింగ మడ అడవి, ఆ పక్కనే కాకినాడ అఖాతం, అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్. సుమారు 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్ల నేల మీద కురిసిన వానలో కాలవలకీ, చెరువులకీ, జలాశయాలకీ పోగా మిగిలింది ఈ మొగలకే రావాలి. ఆ నేల మీద ఏం చల్లినా, ఏం పారబోసినా అందులో కొంత ఇక్కడికే రావాలి.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మొగ దగ్గర నీరు చెడిందనగానే ఎగువ రాష్ట్రాల వైపు వేలు చూపించడం మనకు అలవాటు. వరదల్లో అది కొంతవరకు నిజం. ఎండాకాలంలో మాత్రం కాదు. ఫిబ్రవరి దాటాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరంతా కాలవల్లోకే మళ్లుతుంది. బ్యారేజీ దాటి కిందికి దిగే మంచినీరు దాదాపు ఉండదు. నది ఆగినా డ్రెయిన్లు ఆగవు. పొలాల ఎరువునీరు, రొయ్యల చెరువులు ఖాళీ చేసినప్పటి నీరు, పట్టణాల మురుగు తుల్యభాగ లాంటి డ్రెయిన్ల వెంట పాయల్లోకి దిగుతూనే ఉంటాయి. పలచబరచడానికి పైనుంచి నీరు రాదు. కాబట్టి ఏప్రిల్లో, మేలో మొగ దగ్గర కనిపించే మురికి నాసిక్‌దీ కాదు, నాందేడ్‌దీ కాదు. అది డెల్టాలో ఉన్న మనది.

ఇదే కథ కొల్లేరుకీ ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చినదంతా సరస్సులో కలిసి, ఉప్పుటేరు వెంట 60 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి సముద్రాన్ని చేరుతుంది. కృష్ణకి మాత్రం ఎగువ మురుగు కూడా తోడవుతుంది. హైదరాబాదు మురుగును మోసుకొచ్చిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

సరే, నీటిని కొలవడం దగ్గరికి వద్దాం. ఇది చూడ్డానికి చాలా సులువైన పని. ఒక సీసాడు నీళ్లు పట్టుకుని ప్రయోగశాలకి పంపడమే కదా అనిపిస్తుంది. చెరువు విషయంలో అది చాలావరకు చెల్లుతుంది. మొగ దగ్గర చెల్లదు. అక్కడ నీరు ఒక్కటి కాదు.

సముద్రపు నీరు ఉప్పుది, బరువైనది. నది నీరు తేలిక. రెండూ కలిసే చోట మంచినీరు పైన సాగుతుంటే, ఉప్పునీరు అడుగున ఎదురు వస్తూ ఉంటుంది. పడవలోంచి వంగి పై నీరు ముంచి చూసి బాగుందంటే, అదే చోట అడుగున ఉన్న నీటి గురించి మనకేమీ తెలియనట్టే. పైగా పోటు, పాటు ఉన్నాయి. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. పోటు మీద పట్టిన నీరు సముద్రానిది. పాటు మీద పట్టిన నీరు డ్రెయిన్లది. ఉదయం పోటులో కొలిచి నీరు శుభ్రమని రాసిన మనిషే, అదే చోట సాయంత్రం పాటులో కొలిస్తే మరోలా రాయాల్సి వస్తుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, వారం వారం ఒకే రోజున, ఒకే గంటకి వెళ్లినా ఒక వారం పోటు, మరో వారం పాటు తగులుతాయి. అమావాస్య, పౌర్ణమి పోట్లు పెద్దవి. అష్టమి నాటివి చిన్నవి. ఇవేవీ రాసిపెట్టని కొలతను మరో రోజు కొలతతో పోల్చడం కుదరదు. నది నీటి నివేదిక ఏదైనా మీ చేతికి వస్తే ముందు చూడవలసింది ఇదే: నీరు పట్టినప్పుడు పోటా, పాటా? పైదా, అడుగుదా? అవి రాసి లేకపోతే ఆ అంకెల మీద ఆధారపడకండి.

ఇక వేళ. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ గురించి గోదావరి జిల్లాల రొయ్యల రైతుకి నేను చెప్పనక్కర్లేదు. డీఓ అనే రెండక్షరాలు ఆయన నోట్లో రోజూ నానుతూనే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకి ఆయన చెరువుగట్టు మీద ఉంటాడు. ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా చూసుకుంటాడు. ఎందుకని? పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, చేప, రొయ్య, అడుగున కుళ్లే బురద, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను తినేస్తాయి. సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకి పడిపోతుంది. ఎరువునీరు ఎక్కువై నాచు పెరిగిన పాయలోనూ ఇదే జరుగుతుంది. చేపలు తేలిపోయేది ఆ వేళకే. పట్నం నుంచి జీపులో బయలుదేరిన పరీక్షకులు పాయ దగ్గరకి చేరేసరికి పదో పదకొండో అవుతుంది. అప్పటికి ఎండ ఎక్కి, నాచు పని మొదలుపెట్టి, ఆక్సిజన్ మళ్లీ పెరిగి ఉంటుంది. వాళ్లు చూపిన అంకె అబద్ధం కాదు. కాని చేపని చంపిన గంటకి సంబంధించిన అంకె కూడా కాదు.

ఆ అంకె ఎలా వస్తుందో కూడా చెబుతాను. ఇప్పుడు నీటిలో ముంచితే లెక్క చూపించే మీటర్లు వచ్చాయి. అయినా వాటిని సరిచూడ్డానికి నేటికీ వాడే పద్ధతి 1888లో లాయోష్ వింక్లర్ అనే హంగరీ రసాయనవేత్త కనిపెట్టినది. నీటిని గాజుసీసాలోకి నెమ్మదిగా, లోపలికి గొట్టం దించి, పొంగి పొర్లేదాకా నింపుతారు. ఒక్క గాలిబుడగ కూడా మిగలకూడదు. మిగిలితే గాలిలోని ఆక్సిజన్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత పడవ మీదే మాంగనీస్ సల్ఫేటు, అయొడైడ్ కలిసిన క్షారం వేస్తారు. సీసాలో ముద్దలా ఒక పదార్థం కిందికి దిగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉంటే ఆ ముద్ద గోధుమరంగులోకి మారుతుంది. ఆక్సిజన్ లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఇంకా లెక్క కట్టకముందే, పడవలో కూర్చున్న ఎవరికైనా కంటికి కనిపించే తేడా ఇది. చదువు రాని సరంగు కూడా ఆ తెల్లని సీసా చూసి ఈ నీటిలో చేప బతకదని చెప్పగలడు. ఆ తర్వాత ప్రయోగశాలలో ఆమ్లం కలిపి, గంజి వేస్తే వచ్చే నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేటు చుక్కలు వేసి లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో తేలుస్తారు.

30 డిగ్రీల వేడిలో మంచినీటిలో కరగగలిగే ఆక్సిజన్ లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. అదే వేడిలో సముద్రపు నీటిలో ఆరు పైచిలుకే. అంటే ఉప్పునీటికి మొదటినుంచీ చేతిలో ఉన్నది తక్కువ. మన దేశంలో తీరజలాలని వాడుకని బట్టి 5 తరగతులు చేశారు. మడ అడవుల లాంటి సున్నితమైన చోట్లకి, గుల్లలు పెరిగే చోట్లకి మొదటి తరగతి. అక్కడ ఆక్సిజన్ లీటరుకి కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. స్నానాలకీ, చేపల వేటకీ రెండో తరగతి, అక్కడ కనీసం 4. మొత్తం కరగగలిగేదే ఆరు అయినప్పుడు, అయిదుకీ నాలుగుకీ మధ్య తేడా చిన్నది కాదని గమనించండి.

మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి ఎంత ఆక్సిజన్ కావాలన్నది బీఓడీ. చల్లటి దేశాల్లో దీన్ని 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి కొలుస్తారు. మనం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి కొలుస్తాం. మన వేడికి కుళ్లడం తొందరగా జరుగుతుంది కదా. రెండో తరగతి నీటిలో ఇది లీటరుకి 3 మిల్లీగ్రాములు మించకూడదు.

మనుషుల, పశువుల మలం నుంచి వచ్చే బాక్టీరియా మరో కొలత. రెండో తరగతికి పరిమితి 100 మిల్లీలీటర్లకి 100. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ కోలిఫారం బాక్టీరియా ఉప్పునీటిలో, ఎండలో తొందరగా చస్తాయి. వాటితో పాటు వచ్చిన కొన్ని రోగకారకాలు అంత తొందరగా చావవు. కోలిఫారం కనిపించలేదు కదా అని నిశ్చింతగా ఉండలేం. అందుకే సముద్రతీరాల్లో ఎంటెరోకోకై అనే మరో రకాన్ని కూడా లెక్కిస్తారు. అవి ఉప్పుకి ఎక్కువసేపు తట్టుకుంటాయి. ఈ నమూనాలని ఐసులో పెట్టి, కొన్ని గంటల్లో ప్రయోగశాలకి చేర్చాలి. మారుమూల మొగల దగ్గర పరీక్షలు తక్కువగా జరగడానికి డబ్బుకంటే ఈ దూరమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

విశాఖలోని రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన స్నానతీరాలకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే స్నానాల కాలంలో ఏ రెండు నీటి పరీక్షల మధ్యా 31 రోజులకి మించి ఎడం ఉండకూడదు. ఎంటెరోకోకై 100 మిల్లీలీటర్లకి 100 దాటకూడదు. ఇంకో షరతు కూడా ఉంది, అది నాకు బాగా నచ్చింది. వచ్చిన ఫలితాన్ని తీరంలోనే, వచ్చినవాళ్లందరూ చదివేలా బోర్డు మీద పెట్టాలి. సెలవురోజున ఓ గంట స్నానం చేసి వెళ్లేవాళ్లకి ఈ హక్కు ఉంది. సంతోషం. మరి సంవత్సరం పొడుగునా నడుము లోతు నీటిలో నిలబడి వల లాగే మనిషికి, పాటు వేళ బురదలో దిగి పీతలు, గుల్లలు ఏరే ఆడవాళ్లకి? ఏ మొగ దగ్గరా అలాంటి బోర్డు నాకు కనిపించలేదు.

నీరు ప్రవహించిపోతుంది. బురద అక్కడే ఉంటుంది. ఈ సంగతిని మనవాళ్లు చాలా ముందే పట్టుకున్నారు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర పరిశోధనలకి ఊపిరి పోశారు. 1970లలో అదే విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన పి.ఎన్. గణపతి, ఆయనతో కలిసి పనిచేసిన ఏ.వి. రామన్, విశాఖ రేవులోని నీటినీ అడుగు బురదనీ పరిశీలించారు. నగరపు మురుగు, మేఘాద్రిగెడ్డ తెచ్చే నీరు చేరేది ఆ రేవులోకే. బురదలో బతికే పురుగులని వాళ్లు లెక్కించారు. శుభ్రమైన చోట రకరకాల పురుగులు ఉంటాయి, ఒక్కో రకం కొద్దికొద్దిగా. మురుగు ఎక్కువైన చోట రకాలు తగ్గిపోయి, కాపిటెల్లా లాంటి మురుగుని తట్టుకునే పురుగులు మాత్రం గుంపులుగా పెరుగుతాయి. ఈ పద్ధతి గొప్పతనం ఏమిటంటే, నీటిని పట్టిన గంటతో దీనికి పనిలేదు. నిన్న రాత్రి ఎవరైనా చాటుగా వదిలి, తెల్లారేసరికి పాటుతో పోయిన మురుగు కూడా ఆ పురుగుల లెక్కలో నమోదై ఉంటుంది. పాదరసం, సీసం లాంటి లోహాలు కూడా చేరేది బురదలోకే, అక్కణ్ణుంచి గుల్లల్లోకే. అందుకే బురదని పరీక్షించకుండా నీటిని మాత్రమే పరీక్షించి అంతా బాగుందని రాయడాన్ని నేను ఒప్పుకోలేను.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా, అని అడుగుతారు మీరు. ఉన్నాయి. సముద్రపు రంగు చూసే ఓషన్‌శాట్‌లని ఇస్రో 1999 నుంచి పంపుతోంది. మూడోది 2022 నవంబరులో వెళ్లింది. వరదకాలంలో గోదావరి ఎర్రనీరు ఎంత దూరం వెళ్లిందో, నాచు ఎక్కడ పెరిగిందో అవి చూపిస్తాయి. నైరుతి వానలు వెనక్కి తగ్గాక మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. నైరుతి వానలకి ముందటి నెలల్లో ఉత్తరానికి సాగుతుంది. కాబట్టి ఒక మొగలోంచి వెళ్లిన నీరు ఏ కాలంలో ఎవరి ఊరి ముందుకి వస్తుందో ఊహించడానికి ఆ చిత్రాలు చాలా ఉపయోగం. అయితే మబ్బు పడితే అవి చూడలేవు, వరదలకాలంలో మబ్బే ఎక్కువ. ఆక్సిజన్‌ని అవి కొలవలేవు. బాక్టీరియాని లెక్కించలేవు. సన్నటి పాయల్లోకి వాటి చూపు సరిగ్గా ఆనదు. సముద్ర సమాచారం అందించే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విశాఖ, కొచ్చి తీరాల్లో నీటి నాణ్యతని ఎప్పటికప్పుడు నమోదు చేసే బోయాలు నిలిపింది. రాత్రీ పగలూ, పోటూ పాటూ తేడా లేకుండా కొలవగలవి అవే. మనకి కావలసింది అలాంటివి గౌతమి మొగలో, ఉప్పుటేరు మొగలో, కృష్ణ కలిసే హంసలదీవి దగ్గర.

పని అసలు జరగడం లేదని నేను అనడం లేదు. దేశం మొత్తం తీరజలాలని పరీక్షించే కార్యక్రమం 1990ల మొదట్లోనే మొదలైంది. ఇప్పుడు చెన్నైలోని జాతీయ తీరప్రాంత పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతోంది. జాతీయ సముద్రశాస్త్ర సంస్థ విశాఖ కేంద్రంవాళ్లు గౌతమి పాయలో ఏళ్ల తరబడి కొలతలు తీశారు. కాలుష్య నియంత్రణ మండళ్లు నదుల్ని పరీక్షిస్తున్నాయి. ఈ శ్రమకి నేను నమస్కరిస్తాను. నా బాధ ఒక్కటే. ఈ అంకెలన్నీ ఇంగ్లీషులో, ఏడాదికో రెండేళ్లకో, నివేదికల్లో బయటికి వస్తాయి. ఆ నీటిలో బతికేవాడికి ఆ అంకె ఆ రోజు చేరాలి. చేపలు తేలిపోయిన తర్వాత చేసే పరీక్షకి శవపరీక్షకున్న విలువే ఉంటుంది.

కనుక నేను అడిగేది ఇది. వారానికి ఒకసారైనా, తెల్లవారకముందూ, పాటు చివరా, పైనా అడుగునా కొలవాలి. జూన్, జులైలలో మొదటి వరదనీరు దిగే రోజుల్లో ఇంకా తరచుగా కొలవాలి. వేసవి అంతా పేరుకున్న కశ్మలాన్ని ఒక్కసారిగా కడిగి సముద్రంలోకి తోసేది ఆ మొదటి నీరే. ఇందుకు పట్నం నుంచి జీపు రానక్కర్లేదు. మన గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు. రొయ్యల చెరువుల మీద రోజూ డీఓ, ఉప్పుశాతం, పీహెచ్, అమ్మోనియా చూసే యువకులు వేల మంది ఉన్నారు. భీమవరం, కాకినాడ చుట్టుపక్కల ఆక్వా ల్యాబులు ఉన్నాయి. చెరువులో ముంచే మీటరునే గట్టుకి అవతల ఉన్న డ్రెయిన్లో కూడా ముంచమని రైతుసోదరులని వేడుకుంటున్నాను. మీరు వదిలే నీరే మరో రైతు తోడుకునే నీరు. వైరస్ వచ్చినా, అమ్మోనియా వచ్చినా ఆ దారినే వస్తుంది.

వేటకి వెళ్లే అన్నదమ్ములకి ఇంకో మాట. నీటి రంగు మారినా, వాసన వచ్చినా, చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలినా ముందుగా చూసేది మీరే. చూసిన చోటు, గంట, పోటో పాటో ఒక కాగితం మీద రాసి, మీ సచివాలయంలోని మత్స్య సహాయకుడికి అదే రోజు ఇవ్వండి. వీలైతే శుభ్రమైన సీసాలో నీరు నిండా పట్టి, మూత బిగించి, ఐసుపెట్టెలో ఉంచండి. మీ పడవలో ఐసు ఎలాగూ ఉంటుంది.

చివరిగా రేడియోవారికి, ఇన్‌కాయిస్ వారికి నా విన్నపం. అలల ఎత్తు ఎంతో, గాలి ఎటు వీస్తుందో, వేటకి వెళ్లవచ్చో లేదో మీరు మత్స్యకారులకి తెలుగులో చెబుతున్నారు. ఆ మాట నమ్మి ఎందరో ప్రాణాలు కాపాడుకున్నారు. దాని తర్వాత మరొక్క వాక్యం చేర్చండి. ఈ ఉదయం గౌతమి మొగలో ఆక్సిజన్ ఇంత, అంతర్వేది దగ్గర ఇంత, ఉప్పుటేరులో ఇంత అని చెప్పండి. అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం కేటాయించమని తీరప్రాంత ప్రజల తరఫున అడుగుతున్నాను.